4–12 నెలల పిల్లలకు సెన్సరీ ప్లే క్లాసు: ఏ సామాను పెట్టాలి, ఏది వద్దు, ఎంతసేపు?

ఊయలతాడు
హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో శనివారాలు పొద్దున సెన్సరీ ప్లే క్లాసు, అంటే చూసి, తాకి, విని ఆడే ఆటల క్లాసు, మొదలుపెట్టాలని ఆలోచన. హాలు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. గ్రానైట్ నేల, ఏసీ ఉంది. 4 నుంచి 12 నెలల లోపు పిల్లలు 14 మంది, ఒక్కొక్కరితో అమ్మో నాన్నో అమ్మమ్మో ఒకరు వస్తారు. అనుకున్న సామాను ఇది: రంగు వేసిన బియ్యం ట్రే, వాటర్ బీడ్స్, షేవింగ్ ఫోమ్, ఎల్ఈడీ దీపాల తీగ, సబ్బు బుడగలు, గజ్జెలు, రంగు గుడ్డలు. అందరికీ ఒకేసారి, గంటసేపు. ఇందులో ఏం మార్చాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉగ్గుగిన్నె
ముందు వాటర్ బీడ్స్ కొట్టేయండి. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజంత, నీళ్ళు పీల్చాక గోలీకాయంత అవుతాయి. బిడ్డ మింగితే కడుపులోకి వెళ్ళాక కూడా ఉబ్బుతూనే ఉంటాయి, పేగుకు అడ్డం పడతాయి. మామూలు ఎక్స్-రేలో కనిపించవు కాబట్టి డాక్టరుకు వాంతులు ఎందుకో వెంటనే అంతు చిక్కదు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా సంస్థ వీటిమీద పదే పదే హెచ్చరించింది. 2023 చివరికి అక్కడి పెద్ద దుకాణాలు పిల్లల ఆటవస్తువుగా వీటిని అమ్మడం ఆపేశాయి. కింద పడి దొర్లిన ఒక్క పూస సోఫా కింద దొరకకుండా ఉండిపోతే చాలు, ఇంకో వారం ఇంకో బిడ్డ చేతికి వస్తుంది. "పెద్దవాళ్ళు చూస్తూ ఉంటారు కదా" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

షేవింగ్ ఫోమ్ కూడా వద్దు. ఈ వయసులో చేతికి అంటింది ఏదైనా నోట్లోకీ కంట్లోకీ పోతుంది.

బియ్యం, పప్పులు విడిగా ట్రేలో పోయడం ఏడాది లోపు పిల్లలకు సరికాదు. బియ్యపు గింజ ఊపిరితో లోపలికి పోవచ్చు. శనగలు, బొబ్బర్లు ముక్కులోనో చెవిలోనో దూరితే తడికి ఉబ్బి బయటికి రావు. పచ్చి రాజ్మాలో విషపదార్థం కూడా ఉంటుంది. గింజల చప్పుడే కావాలంటే 200 మి.లీ. నీళ్ళ సీసాలో పావు వంతు పోసి, మూత మరలకు ఎపాక్సీ జిగురు రాసి బిగించి, 24 గంటలు ఆరనిచ్చి, పైన గుడ్డ టేపు చుట్టండి. సగం కంటే ఎక్కువ నింపితే గింజలకు కదిలే చోటు ఉండదు, చప్పుడూ పోతుంది, బరువూ పెరుగుతుంది. వెల్లకిలా పడుకున్న బిడ్డ ముఖం మీద పడేసుకున్నా దెబ్బ తగలని బరువు ఉండాలి.

దీపాల తీగలో బటన్ బ్యాటరీ (గుండీలాంటి చిన్న బిళ్ళ బ్యాటరీ) ఉంటే హాల్లోకే రానివ్వకండి. అది ఆహారనాళంలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపలి కండ కాలిపోవడం మొదలవుతుంది. వెలుతురుతో ఆట కావాలంటే స్క్రూతో మూత బిగించే టార్చి ఒకటి తీసుకుని, రంగు గుడ్డ వెనకనుంచి గోడమీద వేయండి. మిణుకు మిణుకుమనే దీపం వద్దు, నిలకడగా వెలిగేదే పెట్టండి.

నేలచాప
14 మందిని ఒకేసారి కూర్చోబెడితే పాకే పిల్ల పడుకున్న పిల్లమీదికి ఎక్కుతుంది. నెలలు చూసి కాకుండా ఏం చేయగలరో చూసి విడగొట్టండి. ఒక బ్యాచ్‌లో ఇంకా కుదురుగా కూర్చోలేనివాళ్ళు, రెండో బ్యాచ్‌లో కూర్చునేవాళ్ళు, పాకేవాళ్ళు. ఒక్కో బ్యాచ్‌కి 7 జంటలు, 35 నుంచి 40 నిమిషాలు. అందులో అసలు ఆట 20 నిమిషాలు దాటదు. మిగతాది రావడం, కుదురుకోవడం, పాలు పట్టడం, గుడ్డలు మార్చడం. మధ్యలో అరగంట విరామం లేకపోతే తుడవడానికి సమయం చాలదు.

గ్రానైట్ మీద 1 సెం.మీ. కంటే మందం ఉన్న, అతుకులు లేని మ్యాట్ వేయండి. అక్షరాలు విడిగా ఊడొచ్చే పజిల్ మ్యాట్లు కొనకండి. "ఓ" అక్షరం మధ్యలో ముక్క నేరుగా నోట్లోకే పోతుంది. ఏసీ 26 దగ్గర పెట్టి, గాలి నేలమీదికి తగలకుండా రెక్క పైకి తిప్పండి. మనం నిలబడి చల్లగా ఉందో లేదో చూస్తాం, బిడ్డ ఉండేది నేలమీద. చాపమీద ఒకసారి పడుకుని చూస్తే తెలుస్తుంది.

బీరపీచు
సామాను విషయంలో ఒక దారి చెబుతాను. ఆంగ్ల విద్యావేత్త ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ చెప్పిన నిధుల బుట్ట పద్ధతి: రకరకాల వస్తువులు ఒక బుట్టలో పెట్టి, బిడ్డనే ఎంచుకోనివ్వడం. కుదురుగా కూర్చుని, ఇంకా పాకడం రాని వయసుకు, అంటే సుమారు 6 నుంచి 9 నెలలకు, దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. మన ఇళ్ళలో దొరికే వస్తువులతోనే సరిపోతుంది.

బుట్ట గుండ్రంగా, అడుగు చదునుగా, 35 సెం.మీ. వెడల్పు, 10–12 సెం.మీ. లోతు ఉండాలి. పట్టుకునే చెవులు ఉండకూడదు, ఉంటే బిడ్డ లాగి బోర్లించుకుంటుంది. తేలిక బుట్ట అయితే బిడ్డ ఆనుకోగానే ఒరిగిపోతుంది, కాబట్టి బరువుగా అల్లింది చూడండి. వెదురు బుట్టకు అంచు చుట్టూ పాత నూలు గుడ్డ కుట్టేయండి, పేళ్ళు గుచ్చుకోకుండా.

లోపల ప్లాస్టిక్ ఏదీ వద్దు. ప్లాస్టిక్ బొమ్మలన్నీ నోటికి ఒకేలా ఉంటాయి: ఒకే నునుపు, ఒకే వెచ్చదనం, రుచీ వాసనా లేవు. దానికి బదులు:

చిన్న స్టీలు గిన్నె, పెద్ద స్టీలు గరిటె, మినీ ఇడ్లీ రేకు. లోహం చల్లగా తగులుతుంది, నేలమీద కొడితే మోగుతుంది.
రంగు, పాలిష్ లేని చెక్క గరిటె, కవ్వం తల. చపాతీ కర్ర బరువు, పెట్టొద్దు.
బీరపీచు. ఎండిన బీరకాయ చెక్కు తీసి, గింజలన్నీ దులిపి, ఉడుకునీళ్ళలో వేసి ఎండలో ఆరబెట్టాలి. ఒక్క గింజ కూడా లోపల మిగలకూడదు.
కొబ్బరి చిప్ప, గరుకు కాగితంతో బాగా రుద్ది, అంచు నున్నగా చేసింది. పీచు మాత్రం వద్దు, పోగులు ఊడి గొంతుకు అంటుకుంటాయి.
గుడ్డలు: పట్టు ముక్క, ఖద్దరు, టర్కీ తువ్వాలు, గోనెపట్టా. అడుగు చదరం చాలు, అంచులు మడిచి కుట్టాలి. జరీ పోగులు లేస్తే ఆ గుడ్డ తీసేయండి.
పెద్ద నిమ్మకాయ లేదా బత్తాయి. చల్లదనం, వాసన, బరువు అన్నీ ఒక్కదాంట్లో ఉన్నాయి. బిడ్డ తొక్క కొరికితే వెంటనే మార్చేయాలి.

ముగ్గురు పిల్లలకు ఒక బుట్ట, అందులో 30–40 వస్తువులు ఉంటే చాలు. అసలు పద్ధతిలో ఇంకా ఎక్కువే చెబుతారు కానీ క్లాసులో ఇన్ని శుభ్రం చేయడమే పెద్ద పని.

ప్రతి వస్తువునూ టిష్యూ రోల్ లోపలి అట్ట గొట్టంలో వేసి చూడండి. అది సుమారు 4 సెం.మీ. ఉంటుంది. బొమ్మల ప్రమాణాల్లో వాడే చిన్న భాగాల గొట్టం 31.7 మి.మీ. మాత్రమే, మనం ఇంకొంచెం జాగ్రత్తగా ఉన్నట్టు. గొట్టంలో దూరేది ఏదైనా బయటికే. జానెడు కంటే పొడవైన తాడు దేనికీ ఉండకూడదు. గరిటె కాడ పొడుగ్గా, సన్నగా ఉంటే నోట్లో పెట్టుకుని ముందుకు పడినప్పుడు అంగిట్లో గుచ్చుకుంటుంది. అందుకే కాడ పొట్టిగా, చివర మొద్దుగా ఉన్నవే.

పెద్దవాళ్ళ పని ఒక్కటే. పక్కన కూర్చోవాలి, చూడాలి, మాట్లాడకూడదు. "ఇదిగో గిన్నె, ఇదిగో చూడు" అంటూ చేతికి అందించడం మొదలైందంటే బిడ్డ ఎంచుకోవడం మానేస్తుంది. ఏది తీసుకోవాలో, ఎంతసేపు నోట్లో పెట్టుకోవాలో బిడ్డే తేల్చుకోవాలి. అమ్మ వైపు చూసినప్పుడు ఒక చిరునవ్వు చాలు.

సీమచింత
బీరపీచు గారూ, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు బుట్టలో పెట్టొచ్చా? గజ్జెల సంగతి కూడా చెప్పండి.

బీరపీచు
రెండూ ఒకటి కావండి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్క. ముక్కలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగు వేస్తారు. అది చూసి ఆనందించే బొమ్మ. నోట్లో నానితే అతుకు వదులుతుంది, రంగు లేస్తుంది. అల్మారాలో బిడ్డ కంటికి ఎదురుగా పెట్టండి, బుట్టలో వద్దు.

ఏటికొప్పాకది అంకుడు కర్రను తరిణిమీద చెక్కి, తిరుగుతుండగానే లక్క పూసి మెరుగు పెట్టిన పని. సహజ రంగులు వాడిన గిలక, ఒంటి ముక్కగా ఉన్న బొంగరం ఆకారం బాగుంటాయి. కానీ అన్నిచోట్లా సహజ రంగులే వాడుతున్నారని అనుకోవద్దు, అడిగి కొనండి. తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దండి, రంగు దిగితే వద్దు. ఊడొచ్చే పుల్ల, పూస ఉన్నవి ఎలాగూ వద్దు.

ఇంకో మాట. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అయితే భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని నమోదైన జీఐ గుర్తు) ఉన్న బొమ్మలకు, నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి వీటిమీద ఆ గుర్తు లేకపోతే నకిలీ అని కాదు, అలాగని పసిపిల్లల నోటికి పరీక్షించినవీ కావు.

గజ్జెలు విడిగా వద్దు. ఒక్కో మువ్వ గొట్టంలో దూరుతుంది. రెండు పొరల నూలు సంచిలో 5–6 మువ్వలు వేసి, నాలుగు వైపులా రెండు వరసలు కుట్టు వేస్తే మంచి గిలక అవుతుంది.

లీడ్స్ తెలుగు
ఇక్కడ బ్రిటన్‌లో ఈ క్లాసులు ఊరూరా ఉంటాయి. బేబీ సెన్సరీ అనే సంస్థ 2003లో మొదలైంది, తర్వాత చాలా వచ్చాయి. మంచి క్లాసుకీ, హడావిడి క్లాసుకీ తేడా ఒక్కచోట తెలుస్తుంది: ఒకసారికి ఎన్ని కొత్త వస్తువులు బయటికి తీస్తారన్నది. మంచి టీచరు రెండో మూడో తీస్తుంది. ఒకటి లోపల పెట్టాకే ఇంకోటి తీస్తుంది.

40 నిమిషాల్లో వరస ఇలా ఉంటే నడుస్తుంది. మొదటి 5 నిమిషాలు అందరూ గుండ్రంగా కూర్చుని ఒకే పలకరింపు పాట, ప్రతివారం అదే పాట. పదే పదే వినిపించడమే ముఖ్యం, నాలుగో వారానికి పాట అందుకోగానే పిల్లలు కాళ్ళు ఆడిస్తారు. తర్వాత 8–10 నిమిషాలు గుడ్డలతో లేదా వెలుతురుతో ఆట. ఆపైన 10 నిమిషాలు బుట్ట లేదా తడి ఆట. చివర దీపాలు తగ్గించి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని లాలి. మిగతా సమయం ఖాళీగా వదిలేయండి, ఎవరో ఒకరు ఎప్పుడూ పాలకు ఏడుస్తారు.

పాటలు స్పీకరులో కంటే నోటితో పాడితేనే మేలు. బిడ్డ పెదవుల కదలిక చూస్తుంది, మీరు తన వేగానికి ఆగగలరు. స్పీకర్ పెడితే చాపలకు దూరంగా, పక్కవాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత సద్దే. మువ్వలు, తాళాలు 7 జంటల దగ్గర ఒకేసారి మోగితే గోడలు ప్రతిధ్వనిస్తాయి, గ్రానైట్ హాల్లో ఇంకా ఎక్కువ. కిటికీలకు దళసరి తెరలు వేస్తే కాస్త తగ్గుతుంది.

ఊయలతాడు
చాలా ఉపయోగం. బియ్యం తీసేశాను. తడి ఆటకు తినేవే వాడితే భయం ఉండదని కొందరు చెబుతున్నారు: గోధుమపిండి ముద్ద, పెరుగు, జెల్లీ. సరేనా?

కంచంమెతుకు
నాకు అభ్యంతరం ఉంది. అన్నం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే ఇళ్ళలో పెరిగే పిల్లలకు తిండిని నేలమీద తొక్కించడం నేర్పడం ఎందుకు? తినే వస్తువుతో చేతి అనుభవం కావాలంటే అన్నం తినిపించేటప్పుడే బిడ్డ వేళ్ళకు అంటనివ్వండి. కంచంలో పెరుగన్నం కలుపుకోవడం కంటే మంచి తడి ఆట ఏముంది? క్లాసుకు నీళ్ళు, గుడ్డలు, ఆకులు సరిపోతాయి.

ఉగ్గుగిన్నె
ఆ మాటలో న్యాయం ఉంది, ముందు నీళ్ళతోనే మొదలుపెట్టమని నేనూ అంటాను. అయినా వాడాలనుకునేవాళ్ళు తప్పు పదార్థం వాడకుండా చెప్పాలి.

పచ్చి గోధుమపిండి, మైదా వద్దు. పచ్చి పిండిలో సాల్మొనెల్లా, ఈ. కోలి ఉండే వీలుంది, ఇంట్లో దోరగా వేయించినంత మాత్రాన పోయాయన్న భరోసా లేదు. ఉప్పు వేసిన ప్లే డో అసలే వద్దు. అందులో ఉప్పు పసిబిడ్డ మూత్రపిండాలకు మోయలేని భారం. పొడి కార్న్‌ఫ్లోర్, పౌడర్ గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఉడికించినవి నయం. సన్నరకం సగ్గుబియ్యం 1 కప్పు, అరగంట నానబెట్టి, 6 కప్పుల నీళ్ళలో నడుమ తెల్లచుక్క కనబడనంతవరకు ఉడికించి, జల్లెడలో పోసి చన్నీళ్ళు ధారగా పోయండి. కడగకపోతే జిగురుగా ఒకే ముద్ద అవుతుంది. వేళ్ళమధ్య నొక్కితే పూర్తిగా నలగాలి. లావు రకం వాడకండి. రంగుకు బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళు, పాలకూర రసం. కుంకుమ, హోలీ రంగులు, ఊరు పేరు లేని పసుపు వద్దు, వాటిలో సీసం కలిసే ప్రమాదం ఉంది. చేసిన రోజే వాడి, బయట పెట్టాక 2 గంటల్లో పారేయండి.

ఇవి ఘనాహారం మొదలైన, అంటే 6 నెలలు నిండిన పిల్లలకే. వేరుశనగ, పాలు, గోధుమ అలర్జీ ఉందా అని చేరేటప్పుడే రాయించుకోండి. తేనె ఏడాది లోపు ఏ రూపంలోనూ వద్దు, బొటులిజం (కండరాలు చచ్చుబడేలా చేసే విషవ్యాధి) ప్రమాదం.

నేలచాప
చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్) జెల్లీ గురించి: లీటరు నీటికి 8–10 గ్రాముల పొడి, బాగా మరిగించాలి, 85 డిగ్రీలు దాటకపోతే కరగదు. గది వేడికే గట్టిపడుతుంది కాబట్టి ఫ్రిజ్ అక్కర్లేదు. పళ్ళెంలో పలుచగా పోసుకుంటే పిల్లలు చేత్తో చిదుముతారు.

ఉగ్గుగిన్నె
అక్కడే ఆగండి నేలచాప గారూ. జెల్లీ ముక్క జారుడుగా, కాస్త గట్టిగా ఉంటుంది, గొంతులో సరిగ్గా బిరడాలా కూర్చుంటుంది. ఏడాది లోపువాళ్ళకు విడిగా ఇవ్వొద్దు. జిప్ సంచిలో వేసి, గాలి తీసి, రెండో సంచిలో పెట్టి, నాలుగు అంచులూ గుడ్డ టేపుతో నేలకు అంటించండి. చల్లదనం, మెత్తదనం చేతికి తెలుస్తాయి, నోటికి అందదు. వారానికి ఒకసారి కాదు, ప్రతి బ్యాచ్‌కీ ముందు సంచి అంచులు నొక్కి చూడండి.

నేలచాప
ఒప్పుకుంటున్నాను, సంచి పద్ధతే మేలు. నీళ్ళకు కూడా కొలత చెప్పండి, జనం అక్కడే ఎక్కువ పోస్తారు.

ఉగ్గుగిన్నె
పెద్ద స్టీలు పళ్ళెంలో 2 సెం.మీ. దాటొద్దు. 5 సెం.మీ. నీళ్ళలో కూడా పసిబిడ్డ మునిగిపోగలదు, చప్పుడు కూడా చేయదు. నీళ్ళు 37 డిగ్రీలు, మోచేతికి వెచ్చగానూ చల్లగానూ తెలియకూడదు. ఒక బిడ్డకు ఒక పళ్ళెం, పెద్దవాళ్ళ చేయి అందేంత దూరంలోనే. ఆట అవగానే నీళ్ళు పారబోయాలి. నింపడానికి తెచ్చిన బకెట్ హాల్లో వదిలేయకండి, పళ్ళెం కంటే అదే ప్రమాదం.

గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలో క్లాసు నడిపేవాళ్ళకు చేతులు తిరిగి ఉండాలి. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా, దవడ పట్టుకుని, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక మీద ఒక అరచేతి మడమతో 5 నొక్కులు. మళ్ళీ అదే. కనిపించని దాని కోసం వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టాలి. పుస్తకంలో చదివితే సరిపోదు, బొమ్మ మీద నేర్పే శిక్షణ ఒకరోజు తీసుకోండి.

మెడనిలిపి
ఫిజియోథెరపీ వైపునుంచి రెండు విషయాలు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు సవరించిన వయసు లెక్క వేయండి. 32 వారాలకు పుట్టిన బిడ్డకు 40లో 8 వారాలు తక్కువ, అంటే ఇప్పుడు 6 నెలలైతే 4 నెలల బిడ్డలాగే చూడాలి. కూర్చునే బ్యాచ్‌లో దిండ్లు పెట్టి కూర్చోబెట్టడం వల్ల ఆ బిడ్డకు మేలేమీ లేదు, చేతులు రెండూ పడిపోకుండా ఆపుకోవడానికే సరిపోతాయి.

పడుకునే బ్యాచ్‌లో బోర్లా పడుకోబెట్టే సమయానికి చోటివ్వండి. ఇంకా కదలని పిల్లలకు మెలకువగా ఉన్నప్పుడు రోజంతా కలిపి కనీసం 30 నిమిషాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. క్లాసులో ఒకసారికి 2–3 నిమిషాలు, మూడు నాలుగు సార్లు. తువ్వాలు చుట్టగా చుట్టి చంకల కింద పెట్టి, చేతులు ముందుకు వచ్చేలా చూడండి. తువ్వాలు పొట్ట కిందికి జారితే ముఖం నేలకు తగిలి బిడ్డ ఏడుస్తుంది, అప్పుడు "మా బాబుకి బోర్లా పడటం ఇష్టంలేదు" అంటారు. పెద్దవాళ్ళు ఎదురుగా బోర్లా పడుకుని 20–30 సెం.మీ. దూరంలో ముఖం పెట్టాలి.

బిడ్డకు చాలయిందని తెలిసే గుర్తులు ఏడుపుకు చాలా ముందే వస్తాయి: ముఖం పక్కకు తిప్పడం, వేళ్ళు బిర్రబిగిసి విచ్చుకోవడం, వెనక్కి విల్లులా వంగడం, ఆవులింతలు, ఎక్కిళ్ళు. వీటిలో ఏది కనిపించినా వస్తువు తీసేసి, భుజాన వేసుకుని, పక్కగా తీసుకెళ్ళమని మొదటి రోజే అందరికీ చూపించండి. చాలామంది అప్పుడే గిలక ఇంకా గట్టిగా ఊపుతారు.

కంచంమెతుకు
డబ్బు కట్టి క్లాసుకు రాలేనివాళ్ళ కోసం: 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ "నవచేతన" పేరుతో పుట్టినప్పటినుంచి 3 ఏళ్ళవరకు నెలవారీ ఆటల పట్టిక విడుదల చేసింది. 140 ఆటలు ఉన్నాయి, ఇంట్లో దొరికే సామానుతోనే. అంగన్‌వాడీ టీచరును అడగండి. ఊయలతాడు గారు కూడా దాన్నుంచి వారానికి రెండు తీసుకుంటే పని తేలికవుతుంది.

ఊయలతాడు
ఇంకో రెండు ప్రశ్నలు. నోట్లో పెట్టిన వస్తువులు బ్యాచ్‌ల మధ్య ఎలా శుభ్రం చేయాలి? 3 ఏళ్ళ అన్నలు, అక్కలు వెంట వస్తామంటే?

నేలచాప
మధ్యలో కడగడానికి ప్రయత్నించకండి, రెండు జతల సామాను పెట్టుకోండి. నోట్లో పెట్టింది ఏదైనా నేరుగా మూత ఉన్న "ఎంగిలి తొట్టి"లోకి. ఇంటికెళ్ళాక స్టీలు వేడినీళ్ళలో, గుడ్డలు ఉతికి ఎండలో. చెక్క నానబెట్టకూడదు, సబ్బునీళ్ళతో తుడిచి కడిగి నీడలో ఆరబెట్టాలి, నానితే పగిలి పేళ్ళు లేస్తాయి. చెక్క, బీరపీచు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది, తేమగా డబ్బాలో పెడితే బూజు. జ్వరం, విరేచనాలు, చేతుల మీద నోటి చుట్టూ పొక్కులు ఉంటే ఆ వారం రావద్దని ముందే చెప్పి, ఆ రోజు డబ్బు తర్వాతి వారానికి సర్దండి. డబ్బు పోతుందనుకుంటే జ్వరం బిడ్డతోనే వస్తారు.

పెద్ద పిల్లలు వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఇంకో పెద్దమనిషి రావాలి. హాల్లో ఇంకో మూల వేరే చాప వేసి, రంగు పెన్సిళ్ళు, కాగితం ఇవ్వండి. బూట్లు, జేబుల్లోవి అన్నీ గుమ్మం దగ్గరే ఖాళీ చేయించాలి. గోలీలు, చాక్లెట్ కాగితాలు వచ్చేది ఆ జేబుల్లోంచే.